సొంత కారణాల వల్ల

కార్ఖానా, ప్రూఫుల గది
మార్చి, సోమవారం

బాబాయికి నమస్కారం.

ఇవాళ పొద్దున జిగురు గిన్నె మీద మీగడ కట్టి ఉంది. నేను ఇక్కడ చేరిన రెండేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు. రోజూ నేను వచ్చేసరికి జిగురక్క పొయ్యి ముందు కూర్చుని గరిటె తిప్పుతూ ఉంటుంది. గది అంతా ఉడికిన పిండి వాసన వేస్తూ ఉంటుంది. ఇవాళ పొయ్యి వెలగలేదు. పాత బాకీ తీరిస్తేగాని కొత్త గ్యాసు బండ దించనన్నారట. జిగురక్క ఆ మీగడను వేలితో పక్కకు నెట్టి చూసి, "నిన్నటిది పనికిరాదు. ఇవాళ భూగోళానికి సెలవు" అంది.

మీకు తెలిసిన సంగతులే రాస్తున్నానేమో. ఈ గ్లోబులను ఇరవై ఆరేళ్ళుగా బడి బడికీ తిప్పి అమ్మినవారు మీరు. నన్ను చేర్చుకున్న రోజున పెద్దాయన గోడ మీది పలక చూపించి, డైరెక్టర్ల పేర్లలో మీ పేరు మీద వేలు పెట్టి మరీ చెప్పారు. కానీ మీరు దూరాన ఉంటారు కనుక ఇక్కడ గదుల్లో ఏం జరుగుతోందో రాయాలనిపించింది.

జనవరి జీతం ఇవ్వలేదు. ఫిబ్రవరిది కూడా ఇవ్వలేదు. పోయిన నెల మీరు వచ్చినప్పుడు "వస్తుందిలే" అన్నారు కనుక నేను ఎవరినీ అడగలేదు. మిగతావాళ్ళు అడిగారు. పెద్దాయన తలుపు కొంచెం తీసి, "నేనేమన్నా పారిపోయానా? ఇక్కడే కదా చస్తున్నాను" అని మళ్ళీ వేసుకున్నారు. అచ్చుకు కాగితం రాలేదు. నాకు దిద్దడానికి ప్రూఫులు లేవు. ఊరికే కూర్చోలేక అమ్ముడుపోని గ్లోబు ఒకటి ముందు పెట్టుకుని నదుల పేర్లు చదువుతున్నాను. ఒక నది పేరులో తప్పుంది. రెండేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది. ఇప్పుడు కనబడింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

వార్నిష్ తాత శుక్రవారం మానేశాడు. "పై పూత వేసేవాణ్ణి. తలుపులకు వేసినా అదే చెయ్యి" అన్నాడు. వెళ్ళేముందు ఇక్కడి అలవాటు ప్రకారం అతికించని సగం గ్లోబు అట్ట చిప్ప ఒకటి తీసుకుని, లోపలి వైపు తన పేరు, తేదీ రాశాడు. జిగురక్క రెండో చిప్ప బోర్లించి అతికేసింది. ఇక ఆ పేరు ఎవరూ చూడరు. ఈ సంగతి నాకు మొదట చెప్పింది మీరే. "భూమి లోపల మావాళ్ళందరి పేర్లూ ఉన్నాయి" అనేవారు. అది నిజమనుకుని కాన్వెంటులో భూగోళం చెప్పే సిస్టరుకి చెప్పి నవ్వులపాలయ్యాను.

తాత చేతిలో ఏమీ పెట్టలేదు. ఉత్త చేతులతో వెళ్ళాడు. అకౌంటెంటు గారు నా గది దగ్గర ఆగి మెల్లిగా అన్నారు: "తొందరపడి మానేస్తే కొన్ని హక్కులు పోతాయి. ఉంటే ఉన్నవీ పోవచ్చు. నేనేమీ చెప్పలేను." ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పలేరు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఉండమంటారా, మానెయ్యమంటారా? మీరు ఎలా చెబితే అలా చేస్తాను. కొంచెం త్వరగా రాయండి.

పిన్నికి నమస్కారాలు.

మీ పుస్తకాల పురుగు


ఇల్లు, ముందరి గది
మార్చి, శనివారం

పురుగమ్మకు బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. జిగురు మీద మీగడ కడితే కంపెనీ మునిగినట్టా? "మన పాల మీద మీగడే కట్టదు, ఆ లెక్కన మనం ఎప్పుడు మునగాలో" అంది పిన్ని. పాలవాడు గుమ్మంలోనే ఉన్నాడు. విననట్టు నటించాడు.

పెద్దాయనను నేను నిన్నగాక మొన్న చూసినవాణ్ణి కాదు. నేను చేరిన కొత్తలో నాలుగు నెలలు జీతం లేదు. ఐదో నెలలో అన్నీ కలిపి, మీద చొక్కా గుడ్డ ఒకటి పెట్టి ఇచ్చాడు. ఆ చొక్కాతోనే మీ నాన్న పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. గోడ మీద ఉంది, చూశావుగా. కాలర్లు చెవుల దాకా ఉంటాయి.

కాబట్టి ఆగు. ఇది నా మాట. నలుగురు అరుస్తున్నారని నువ్వు అరవకు. అరవడం నీకు చేతకాదనుకో, అది వేరే సంగతి. రెండు మూడు నెలలు కళ్ళు మూసుకో. నీ సంగతి నేను చూసుకుంటాను. ఎలా అని అడక్కు.

తప్పనిసరై రాజీనామా రాయవలసివస్తే 'సొంత కారణాల వల్ల' అని రెండు ముక్కలు రాసి ఇచ్చెయ్యి. జీతం ఇవ్వలేదు, గీతం ఇవ్వలేదు అని ఏకరువు పెట్టకు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టుంటుంది. రేపు ఇంకోచోట చేరాలన్నా ఆ కాగితమే చూస్తారు. మర్యాదగల పిల్ల అనుకోవాలి.

ఈ మధ్య నేను ఊళ్ళు తిరగడం తగ్గించాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. గ్లోబు ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కితే కండక్టరు దానికీ టిక్కెట్టు అడుగుతున్నాడు.

అన్నట్టు, పుస్తకాలు తలుపులున్న బీరువాలో పెడితే మంచిదా, తెరిచిన అరల్లోనా? ఊరికే అడుగుతున్నాను. ఇలాంటివి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?

నీ బాబాయి


అద్దె గది
ఏప్రిల్, మంగళవారం

బాబాయికి నమస్కారం.

కార్ఖానాకు సీలు వేశారు.

నిన్న ఉదయం వెళ్ళేసరికి గేటుకు మన తాళం పక్కన ఇంకో తాళం ఉంది. దాని మీద గుడ్డ చుట్టి ఎర్ర లక్క అద్దారు. అందరం రోడ్డు మీద నిలబడిపోయాం. జిగురక్క మాత్రం గేటు ఊచలు పట్టుకుని, "నా కుంచెలు లోపలున్నాయి. నీళ్ళలో పెట్టి వచ్చాను. వెంట్రుకలు కుళ్ళిపోతాయి" అంది. అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. నాకు ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ లక్కే కనబడుతోంది.

పదిగంటలకు కోర్టు పంపిన ఒకావిడ వచ్చారు. ఆవిణ్ణి లిక్విడేటరు అంటారట. కంపెనీలో ఉన్నవి అమ్మి బాకీలు తీర్చడం ఆవిడ పని. జిగురక్కకు ఆ మాట నోరు తిరగక 'లెక్క తేల్చే అమ్మ' అంటోంది. ఆవిడ గేటు తీయించి, మమ్మల్ని పెరట్లో ఖాళీ పెట్టెల మీద కూర్చోబెట్టి, తాను నిలబడే మాట్లాడారు.

"అమ్మితే వచ్చింది వరసగా పంచుతాను. వరసలో మీరు ముందు వైపే ఉంటారు. కానీ ఎంత వస్తుందో నాకు తెలియదు. లేని ఆశ పెట్టను."

"చిప్పలు చేసి బతికాం, ఆఖరికి చిప్పే చేతికొచ్చిందన్నమాట" అంది జిగురక్క. అందరూ నవ్వారు. ఆవిడకూ నవ్వొచ్చింది, ఆపుకున్నారు.

ఆ నవ్వు అయ్యాక ఇంకో సంగతి చెప్పారు. నెల నెలా మా జీతాల్లో కోసిన భవిష్య నిధి డబ్బు ఏడాది పైగా ఎక్కడా కట్టలేదట. జీతం చీటీల మీద మాత్రం కోసినట్టు అచ్చయి ఉంది. నేను ఆ చీటీలన్నీ దాచుకున్నాను. వచ్చిన ప్రతిసారీ అచ్చుతప్పులు లేవని కూడా చూసుకున్నాను.

తరవాత నా రాజీనామా ఇచ్చాను. ఇంటి ఓనరమ్మ మూడు నెలలుగా అద్దె కోసం ఓపిక పట్టింది. ఇంకోచోట పని వెతుక్కోవాలంటే ఇక్కడి నుంచి విడుదల కాగితం కావాలి. అందుకని మీరు చెప్పినట్టే రాసి పట్టుకెళ్ళాను. లిక్విడేటరు గారు చదివి తలెత్తారు.

"సొంత కారణాలంటే ఏమిటమ్మా? పెళ్ళా, పై చదువా?"

తల అడ్డంగా ఊపాను.

"మరి?"

"జీతం రాలేదండీ."

"అది నీ సొంత కారణమా, కంపెనీ కారణమా?"

అప్పుడు ఆవిడ పక్కన కూర్చుని విడమరిచి చెప్పారు. మానుకున్నా, మానిపించినా, పనిచేసిన రోజుల జీతం ఎక్కడికీ పోదట. వాడుకోని సెలవుల డబ్బూ అంతే. కానీ నోటీసు జీతం, కంపెనీ మూతపడినందుకు ఇచ్చే పరిహారం మాత్రం సొంత కారణాలతో మానుకున్నవాళ్ళకు రావు. జీతం ఇవ్వనందువల్ల మానుకున్నానని రాస్తే, కంపెనీయే మానిపించినట్టు లెక్క. "ఇది నాకు అందలేదనుకుంటాను. ఇంటికి పట్టుకెళ్ళి ఆలోచించుకో" అని కాగితం తిరిగి ఇచ్చేశారు.

ఇంకొకటి కూడా అన్నారు. జీతాలు ఆగిన తరవాత డైరెక్టర్లకూ సొంత మనుషులకూ ఇచ్చుకున్నవి ఏవైనా ఉంటే ఆవిడ వెనక్కి రప్పిస్తారట. అమ్మడానికి పెద్దగా ఏమీ లేదు కనుక మా జీతాలకు దొరికే డబ్బు అదేనట.

నిజం రాయమంటారా బాబాయీ? మీ మాట కాదని రాయలేను. అందుకే మళ్ళీ అడుగుతున్నాను.

మీకూ జనవరి నుంచి రాలేదు కదా. క్లెయిము ఫారం ఒకటి మీకోసం అడిగి తీసుకున్నాను. ఈ కవర్లో పెట్టాను. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట సంతకం చేయండి.

పుస్తకాలు తెరిచిన అరల్లోనే ఉండాలి. చేతికి అందితేనే పుస్తకం.

మీ పురుగు


ఇల్లు
ఏప్రిల్, ఆదివారం

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. సీలు సంగతి ఇక్కడి కొట్లవాళ్ళు ముందే చెప్పారు.

ఫారం తిప్పి పంపుతున్నాను. మరిచిపోయి కాదు, కావాలనే నింపలేదు. పెద్దాయన పడి ఉన్నప్పుడు ఆయన మీదికి కాగితం పట్టుకుని వెళ్ళలేను. నా లెక్క ఆయనా నేనూ చూసుకుంటాం. ఆవిడ దగ్గర నా ప్రస్తావన తేకు. మా బాబాయి కూడా అంటూ మొదలుపెట్టకు.

రాజీనామా సంగతి చెప్పిందే చెబుతున్నాను. సొంత కారణాల వల్ల అనే ఉంచు. నోటీసు జీతమూ పరిహారమూ కలిపితే ఎంత? ఆ మాత్రం నేను ఇస్తాను. ఇంటి ఓనరమ్మకు కూడా పంపుతాను. ఒంటరిగా ఉండే పిల్లవి, కోర్టు కాగితాల్లో నీ పేరు ఎక్కడం నాకు ఇష్టం లేదు.

మీ నాన్న పోయిన ఏడు నిన్ను కాన్వెంటుకు తీసుకెళ్ళాను. సిస్టరు నీ పేరు అడిగితే నా చొక్కా వెనక దాక్కున్నావు. నేనే చెప్పాను. ఇన్నేళ్ళూ నీ తరఫున నేనే చెబుతున్నాను. ఇదీ అలాగే అనుకో.

తెరిచిన అరలన్న మాట బాగుంది.

బాబాయి


అద్దె గది
మే, గురువారం

బాబాయికి,

నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే చెయ్యి సాగడం లేదు.

ఇవాళ వేలానికి సామాను బయటికి తీశారు. షోరూము గుమ్మంలో ఉండే పెద్ద గ్లోబు మీకు గుర్తుండే ఉంటుంది. నడుం ఎత్తుది, ఈ ఏడే చేసింది. ఇద్దరు మనుషులు మోసుకొస్తూ మెట్టు దగ్గర జారవిడిచారు. అతుకు దగ్గర చిట్లి రెండు చిప్పలూ రెండు వైపులకు పడ్డాయి.

మోసినవాళ్ళు తిట్లకు సిద్ధపడి నిలబడ్డారు. జిగురక్క తిట్టలేదు. వంగి చూస్తోంది.

"చదువూ, ఇలా రామ్మా. లోపల ఎవరిదో పేరుంది. ఎవరు మానేసినా చిప్ప అతికేది నేనే కదా. దీన్ని నేను అతకలేదే."

ఇక్కడ నన్ను అందరూ చదువు అంటారు. చదవడమే నా ఉద్యోగం. వంగి చూశాను.

మీ చేతిరాత. కవర్ల మీద నా చిరునామా రాసే చెయ్యే. మీ పేరు ఉంది. కింద 'ఇరవై ఆరేళ్ళు. ఇక సెలవు' అని ఉంది. దాని కింద ఫిబ్రవరిలో ఒక ఆదివారం తేదీ ఉంది. మీరు నాకు బస్టాండు ఎదుట టీ ఇప్పించి "వస్తుందిలే" అన్న ఆదివారం.

"ఎవరిదమ్మా?" అంది జిగురక్క.

మీ పేరు చదివాను. పైకే చదివాను. వేరే ఎవరో చదువుతున్నట్టు వినబడింది.

"మన సేల్సు బాబుదా! ఆయన మానేశాడా? ఎప్పుడు?"

తేదీ చదవలేకపోయాను. ఆవిడ నా ముఖం చూసింది. లిక్విడేటరు గారు లోపల ఆఫీసులో బీరువాలు లెక్కపెట్టిస్తున్నారు. జిగురక్క ఆ వైపు ఒకసారి చూసి, చిప్పను గోనెపట్టాలో చుట్టి నా చేతికిచ్చింది. "మీ బాబాయి. నీ ఇష్టం. ఆవిడకిస్తే ఇవ్వు, పొయ్యిలో పెడితే పెట్టు. నేను చూడలేదు, నాకు చదువు రాదు" అంది. ఆవిడకు చదువు వచ్చు. మూడు నెలల జీతం రాక మందుల చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకు తిరుగుతున్న మనిషి ఆ మాట అంది.

సాయంత్రం అకౌంటెంటు గారిని వీధి చివర ఆపి అడిగాను. నేను ఒక మనిషిని దారిలో ఆపడం అదే మొదటిసారి. ఆయన చుట్టూ చూసి చెప్పారు. కాగితం మీద మీరు అక్టోబరులోనే రాజీనామా చేశారట. లెక్క మొత్తం అప్పుడే తీర్చినట్టు తేదీలు వేశారట. డబ్బు ఇచ్చింది మాత్రం ఫిబ్రవరిలోనట. "అక్టోబరులో జీతాలు సరిగ్గానే ఇచ్చారు కదమ్మా. కాబట్టి ఎవరూ ఆ వైపు చూడరు. నేనేమీ చెప్పలేదు" అన్నారు.

నేను ఆయన చెప్పింది నమ్మలేదు. గదికి వచ్చి పట్టా విప్పి మళ్ళీ చూశాను. చిప్ప మంచం కింద ఉంది.

మాకు జనవరి జీతం లేనప్పుడు మీకు మొత్తం ఇచ్చేశారా బాబాయీ? కాదని రాయండి. కాదని రాస్తే నమ్ముతాను.


కొట్టు
మే, సోమవారం

నీ కవరు పిన్ని చేతికి వచ్చింది. విప్పలేదు. "ఏమిటండీ ఇంత బరువుగా ఉంది" అంది. బయటికి పట్టుకెళ్ళి చదివాను.

అవును. ఇచ్చాడు.

నన్ను నిలదీసేదానివయ్యావు. సంతోషం. నేను ఎవరి సొమ్మూ తినలేదు. ఇరవై ఆరేళ్ళు బస్సుల్లో తిరిగి సంపాదించిన నా సొమ్ము నేను తెచ్చుకున్నాను. నా గ్రాట్యుటీ, నా కమిషను. పెద్దాయనే పిలిచాడు. "ఒడ్డు కనబడటం లేదయ్యా. నువ్వు దిగిపో. పాత తేదీ వేయిస్తాను, ఎవరూ అడగరు" అన్నాడు. దిగాను. నా చోట ఎవరున్నా దిగేవాళ్ళు.

నిన్నెందుకు దించలేదని అడుగుతావు. నువ్వూ అప్పుడే మానేస్తే అందరూ నా వైపు చూస్తారన్నాడు. కొన్నాళ్ళు నిన్ను ఉండనిమ్మన్నాడు. కొన్నాళ్ళే కదా అనుకున్నాను.

ఆ చిప్ప లోపల పేరు రాయకుండా ఉండవలసింది. పెద్దాయన కూడా వద్దన్నాడు. కానీ ఏ గుర్తూ లేకుండా దొంగలా ఎలా వెళ్ళను? ఆదివారం పూట ఎవరూ లేనప్పుడు ఇద్దరం నేల మీద కూర్చుని అతికించాం. అతికించాక పెద్దాయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వెళ్ళి నీకు టీ ఇప్పించాను.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ డబ్బు బ్యాంకులో లేదు. బడి వీధి మొగలో కొట్టు ఒకటి అద్దెకు తీసుకుని అడ్వాన్సు కట్టాను. పుస్తకాల కొట్టు. మూడు గోడలకూ అరలు కొట్టించాను. అన్నీ తెరిచినవే, నువ్వు చెప్పినట్టే. కిటికీ పక్కన ఒక కుర్చీ, బల్ల. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనక్కర్లేకుండా కూర్చోవచ్చు. బోర్డు ఇంకా రాయించలేదు, నీ పేరే పెడదామని. జూన్‌లో పిలిచి చూపిద్దామనుకున్నాను. ఈ ఉత్తరం ఆ బల్ల మీద పెట్టుకునే రాస్తున్నాను.

నీ చేతుల్లో ఉంది. ఆ అట్టముక్క తగలబెట్టు. నువ్వు రాయవలసినవి రెండే రెండు మాటలు, సొంత కారణాల వల్ల. ఫిబ్రవరిలో నేను వచ్చినట్టు ఎవరితోనూ అనకు. డబ్బు తిరిగి కట్టమంటే నా దగ్గర లేదు. పిన్నికి ఏమీ తెలియదు.

నిన్ను ఇంతవరకు ఏమీ అడగలేదు.

బాబాయి


అద్దె గది
జూన్, బుధవారం

బాబాయికి నమస్కారం.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కొన్నాళ్ళు నిన్ను ఉండనిమ్మన్నాడు అన్న చోట ప్రతిసారీ ఆగిపోయాను. మరొకరి ఉత్తరం పొరపాటున నా కవర్లో పెట్టారేమో అనిపించింది. చేతిరాత మీదే.

కొట్టు గురించి రాసినది కూడా చదివాను. కిటికీ పక్కన కుర్చీ దాకా చదివి, ఉత్తరం బోర్లా పెట్టి, వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చాను. బిందె నిండాక కూడా కుళాయి కట్టలేదట. వెనక ఉన్నావిడ కేకేసింది. చిన్నప్పటి నుంచి నేను అడగకుండానే నాకు కావలసింది తెలుసుకుని ఇచ్చినవారు మీరొక్కరే. ఇప్పుడూ అలాగే ఇచ్చారు. అందుకే భయం వేసింది. ఆ కుర్చీలో కూర్చుని ఉన్నట్టు ఒక్క క్షణం అనుకున్నాను కూడా. జిగురక్క మందుల చీటీ గుర్తొచ్చింది.

నిన్న చిప్పను లిక్విడేటరు గారికి ఇచ్చాను. ఆవిడ పట్టా విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"ఈయన నీకేమవుతారు?"

"మా బాబాయి. నన్ను పెంచారు."

"ఇది నా దగ్గరికి తేవాలని నీకు ఎవరైనా చెప్పారా?"

"తేవద్దని చెప్పారండీ."

మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. ఫిబ్రవరిలో మీరు వచ్చారని, ఆ ఆదివారం నన్ను కలిశారని చెప్పాను. ఆవిడ రాసుకుని చదివి వినిపించారు. ఒక చోట నెల తప్పు పడింది. దిద్దాను. సంతకం చేశాను.

నా రాజీనామా కూడా మార్చి రాశాను. జనవరి నుంచి జీతం ఇవ్వనందువల్ల ఉద్యోగం మానుకుంటున్నాను అని ఉంది. ఒకటే వాక్యం. చూసి రాసుకుంటామని ఇద్దరు ముగ్గురు పట్టుకెళ్ళారు. వార్నిష్ తాతను కూడా పిలిపించారు. ఆయన మార్చిలో సొంత కారణాలనే రాసిచ్చాడట. "చొక్కా చిరిగి ఉంది, కారణం కూడా చిరిగిందే రాయాలా అని మంచిది రాశానమ్మా" అన్నాడు. ఆయన వాంగ్మూలం వేరే తీసుకున్నారు.

జిగురక్కకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "పిచ్చి బాబు. కాగితం మీద అక్టోబరు అని రాయగలిగాడు, చిప్పలో రాయలేకపోయాడు చూడు" అంది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని, "నా చేతుల మీదుగా అతికించి ఉంటే అప్పుడే అడిగేదాన్ని, మాకేదయ్యా అని" అంది.

వచ్చే వారం మీకు నోటీసు వస్తుంది. పిన్ని చేతికి అందకముందే మీరే ఆవిడకు చెప్పండి. లిక్విడేటరు గారి దగ్గరికి మీ అంతట మీరు వస్తే ఒక్కసారిగా కట్టమని పట్టుబట్టరట, వాయిదాలకు కోర్టును అడుగుతారట. కొట్టు అడ్వాన్సు ఎంత వెనక్కి వస్తుందో కనుక్కోండి. మీ ఇరవై ఆరేళ్ళ గ్రాట్యుటీ ఎక్కడికీ పోదని కూడా ఆవిడ చెప్పారు. మీరూ క్లెయిము వేసి మా అందరితో పాటు వరసలో నిలబడవచ్చు. ఫారం మళ్ళీ పంపుతున్నాను. ఈసారి పెన్సిలు గుర్తులు పెట్టలేదు.

అద్దెకు మీరు పంపిన డబ్బు ఇంటి ఓనరమ్మ దగ్గర నుంచి తిరిగి తీసుకుని ఈ కవర్లోనే పెట్టాను. వాయిదాకు పనికొస్తుంది. ఆవిడ ఇంకో నెల ఆగుతానంది. ఆవిడ పిల్లలకు సాయంత్రం చదువు చెబుతున్నాను.

నాకు మీ మీద కోపం ఉందో లేదో తెలియడం లేదు. ఉంటే ఎలా ఉంటుందో కూడా తెలియదు. మీ మీద ఎప్పుడూ కోపగించుకోలేదు.

మార్చిలో మీకు ఉత్తరం రాసిన రోజున నా బల్ల సొరుగులో ఇంకో ఉద్యోగం కాగితం ఉంది. ఊరి గ్రంథాలయంలో సహాయకురాలి పని. నెలాఖరులోగా చేరమన్నారు. ఆ సంగతి ముందే రాస్తే మీ చేత అవుననిపించుకున్నట్టు ఉంటుందని రాయలేదు. మీరు ఆగమన్నారు. ఆగాను.